మాటకు తొలి సాక్ష్యము

మనుష్యునకు జన్మపత్రిక కలదు, మాటకు లేదు. ఏ మాట ఏనాడు, ఎవరి నోట మొట్టమొదట వెలువడెనో నిశ్చయముగా చెప్పుట సామాన్యముగా సాధ్యము కాదు. అది ఏ గ్రంథమున, ఏ జాబులో మొదట వ్రాయబడి మన కంటబడినదో మాత్రమే చెప్పగలము. ఈ రెంటికిని గల భేదము నెరుగనిచో నిఘంటువును చదివియు చదువనివారమే యగుదుము.

మాటల తొలి ప్రయోగములను వెదకుటలో ఆంగ్లేయులు చూపిన పట్టుదల మెచ్చదగినది. 1857లో లండను నగరమందలి భాషాశాస్త్ర సంఘమువారు అప్పటి నిఘంటువుల లోపములను చర్చించిరి. ప్రతి పదము యొక్క చరిత్రను తెలుపు క్రొత్త నిఘంటువు కావలెనను సంకల్పము ఆ చర్చ నుండి పుట్టెను. అదియే తరువాత ఆక్స్‌ఫర్డు నిఘంటువుగా ప్రసిద్ధి కెక్కెను. 1879లో జేమ్స్ మర్రే అను ఉపాధ్యాయుడు దానికి సంపాదకుడయ్యెను. ఆయన పిలుపు విని వందలకొలది పాఠకులు ప్రాత పుస్తకములను చదివి, ఒక్కొక్క మాటను, అది వచ్చిన వాక్యమును, గ్రంథము పేరును, సంవత్సరమును చిన్న చీటీలపై వ్రాసి పంపిరి. వారిలో పెక్కురు ప్రతిఫలము నాశింపనివారు. మొదటి భాగము 1884లో వెలువడెను. 1915లో మర్రే మరణించెను. పని 1928కి గాని ముగియలేదు. అప్పటికి 4 లక్షలకు మించిన పదములకు 18 లక్షలకు మించిన ఉదాహరణలు సమకూడెను.

ఈ శ్రమకు ఫలమేమి? సెరెండిపిటీ అను వింతమాట నొకదానిని చూడుడు. వెదకని మేలు అనుకొనకుండ లభించుట యని దాని భావము. హొరేస్ వాల్పోల్ అను రచయిత 1754 జనవరి 28వ తేదీన మిత్రునకు వ్రాసిన జాబులో ఈ మాటను వాడి, దానిని తానే కల్పించినట్లు తెలిపెను. సెరెండిప్ అనునది సింహళ ద్వీపమునకు ప్రాచీన నామము. ఆ దేశపు రాజకుమారులు మువ్వురు తాము వెదకని సంగతులను తెలివిచేతను, అదృష్టముచేతను కనుగొనుచుండిరను కథయే దానికి మూలము. ఆ జాబు 1833లో గాని అచ్చు కాలేదు. అంతవరకును ఆ మాట కాగితపు మడతలలో నిద్రించెను. జాబు చెదల పాలైయుండినచో దాని పుట్టుక మనకు తెలిసెడిది కాదు.

ఇట్లే 1741లో విలియం షెన్‌స్టన్ అను కవి వ్రాసిన జాబులో ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్ అను మాట కనబడును. ఇంగ్లీషులో దానికి 29 అక్షరములు. ఇంతకును అర్థము, ఒకదానిని పనికిమాలినదిగా నెంచుట! మనము తృణీకారమని అయిదక్షరములలో చెప్పుదుము. చదువుకొన్నవారు వినోదమునకై కూర్చిన ఇట్టి మాటకు సైతము తేదీ దొరకినది. వారు వ్రాయనేర్చినవారు, వారి జాబులు భద్రపరుపబడినవి.

మరి వ్రాయనేరని వారి మాటల గతి యేమి? ఇంగ్లీషులోని బ్యాండికూట్ అను మాట మన పందికొక్కు నుండి వచ్చినదే. యూల్, బర్నెల్ అను పండితులు కూర్చగా 1886లో వెలువడిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువు ఈ సంగతిని తెలుపుచున్నది. ఆ మాట ఓడ నెక్కి ఆస్ట్రేలియా చేరి, అచ్చటి వేరొక జంతువునకు సైతము పేరయ్యెను. ఆంగ్ల గ్రంథములలో దాని జాడలను నిఘంటువులు చూపగలవు. కాని దానిని తొలుత తెల్లవారి చెవిని వేసిన తెలుగువాడు రైతో, కూలియో, వంటవాడో ఏ నిఘంటువును చెప్పజాలదు.

కొందరు, “అర్థము తెలిసిన చాలదా? తేదీల గొడవ యేల?” అందురు. వారికి డార్డ్ కథయే సమాధానము. 1934లో అమెరికాలో వెలువడిన వెబ్‌స్టరు నిఘంటువులో ఈ మాట సాంద్రత యను అర్థముతో చేరెను. నిజమునకు అట్టి మాటయే లేదు. పెద్ద ‘డి’ గాని, చిన్న ‘డి’ గాని సాంద్రతకు సంకేతమని తెలిపిన చీటీని ఒకే మాటగా కలిపి చదువుటచే అది పుట్టెను. దానికి వ్యుత్పత్తి చూపబడలేదని 1939లో ఒక సంపాదకుడు గుర్తింపగా గుట్టు బయటపడెను. సాక్ష్యము నడుగనిచోట లేని మాట కూడ పీట వేసికొని కూర్చుండును.

ఉన్న మాట తప్పిపోవుటయు కలదు. దాసి యని అర్థమిచ్చు బాండ్‌మెయిడ్ అను మాట చీటీ ఎచ్చటనో జారిపోగా, ఆక్స్‌ఫర్డు నిఘంటువు మొదటి ముద్రణలో ఆ మాట చేరలేదు. 1933 నాటి అనుబంధమున దానికి చోటు దొరకెను. చీటీ పోయినంత మాత్రమున లోకమున మాట లేకపోలేదు గదా! షేక్స్‌పియరు మొదట వాడెనని తలచిన మాటలు పెక్కింటికి అంతకు పూర్వపు ప్రయోగములు పిమ్మట లభించినవి. ఆయన నాటకములను పలువురు శ్రద్ధగా చదివిరి; సామాన్యుల వ్రాతలను అంతగా చదివినవారు లేరు. ఇందువలన ఆ మహాకవికి కొరత లేదు. వెదకిన చోటనే వస్తువు దొరకునని మాత్రము తేలుచున్నది.

కావున నా అభిప్రాయమిది. నిఘంటువులోని తేదీని గౌరవింపవలెను. కాని దానిని జన్మదినముగా భ్రమింపరాదు. “ఈ యేటికే ఈ మాట బ్రతికియున్నది” అని చెప్పు సాక్షి యది. అంతకంటె ప్రాత సాక్షి వచ్చినప్పుడు చోటిచ్చి తొలగుటయే దాని గొప్పతనము. సాక్ష్యము లేనిదే నమ్మకుండుట, మేలైన సాక్ష్యము దొరకినప్పుడు మొండిపట్టు విడుచుట అను రెండు గుణములను ఈ పరిశోధన మనకు నేర్పుచున్నది.

విద్యార్థులారా! మీ ఇండ్లలోని పెద్దల నోట, పొలములలో, మగ్గముల కడ ఏ పుస్తకమునకును ఎక్కని మాటలు నేటికిని వినబడుచుండును. ఒక చీటీపై ఆ మాటను, అది వచ్చిన వాక్యమును, పలికినవారి పేరును, ఊరును, తేదీని వ్రాసి దాచుడు. పందికొక్కు అను మాట నందించిన వాని పేరు మనకు దక్కలేదు. రేపటి మాటల విషయమున ఆ లోపము రాకుండ చూచుట వ్రాయనేర్చిన మీ విధి.