సావిత్రి కథ చెప్పే ముందు ఒక లెక్క వేద్దాం

అనంతపురం హాస్టల్ నుంచి రాస్తున్నాము. పోస్టు పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకుని చివరి దాకా చదవండి. నచ్చకపోతే తిట్టండి, కానీ చదివినాకే తిట్టండి.

విషయం సినిమా నటి సావిత్రి గారి గురించి. సినిమావాళ్ళ కథ ఈ గ్రూపులో ఎందుకప్పా అంటారేమో. మన తాండాల్లో ఒక ఆడపిల్ల డిగ్రీకి పోతాను, నర్సింగుకు పోతాను, బెంగళూరులో ఉద్యోగం చూసుకుంటాను అంటే చాలు, ఎవరో ఒక పెద్దమనిషి ఈ కథ ఎత్తుకుంటాడు. "అంత పెద్ద మహానటే ఒకణ్ణి నమ్మి, తాగుడుకు అలవాటు పడి, ఆస్తులన్నీ పోగొట్టుకుని, దిక్కు లేకుండా పోయింది. నువ్వెంత?" అంటాడు. ఆ మాటతో ఆ పిల్ల నోరు మూతపడుతుంది. 2018 మే 9న 'మహానటి' సినిమా వచ్చినాక ఈ కథ ఇంకా గట్టిపడింది. ఇప్పుడు పుస్తకం ముట్టనివాళ్ళు కూడా "సినిమాలో చూపించినారు కదా" అని సాక్ష్యం చెబుతారు.

సినిమాను మేము తప్పు పట్టడం లేదు. బాగా తీసినారు, కీర్తి సురేష్‌కు జాతీయ ఉత్తమ నటి అవార్డు కూడా వచ్చింది. ఆ కథను మన చెల్లెళ్ళ మీద కట్టె మాదిరి ఎత్తేవాళ్ళతోనే మా పేచీ. మేము చెప్పేది ఒకటే. కథతో బెదిరించే ముందు తేదీలు పక్కపక్కన పెట్టి లెక్క వేయండి. లెక్క వేస్తే ఆ కథ చెప్పే నీతి తలకిందులవుతుంది.

మొదట సినిమాకు, జీవితానికి తేడా చూద్దాం. 'మహానటి'లో సమంత వేసిన విలేకరి మధురవాణి, విజయ్ దేవరకొండ వేసిన ఫొటోగ్రాఫర్ విజయ్ ఆంటోనీ కథ నడపడానికి కల్పించిన మనుషులు. సినిమాకు అట్లాంటివి కావాలి. జెమిని గణేశన్ గారిని చూపించిన తీరు సరికాదని ఆయన మొదటి భార్య కూతురు అప్పుడే బహిరంగంగా అభ్యంతరం చెప్పినారు. సావిత్రి గారి కూతురు మాత్రం సినిమాను మెచ్చుకున్నారు. ఒక్క కుటుంబంలోనే ఒకే మనిషి గురించి రెండు మాటలు ఉన్నాయి. ఇంట్లో ఎవరు ఎవరి చేతికి గ్లాసు అందించినారనేది వాదన. కానీ సినిమా టైటిల్స్‌లో పడిన పేరు, ఆ సినిమా విడుదలైన సంవత్సరం వాదన కాదు. అవి ఈరోజు ఎవరైనా ఫోన్లో చూసుకోవచ్చు. మేము హాస్టల్లో నలుగురం కూర్చుని అవే పట్టుకున్నాము.

"అదృష్టం కలిసొచ్చి పైకొచ్చింది" అంటారు. దీనికి 'మిస్సమ్మ' సంగతి చూపిస్తారు. ఆ సినిమాలో హీరోయిన్‌గా మొదట భానుమతి గారిని తీసుకున్నారు, ఆమె తప్పుకున్నాక ఆ వేషం సావిత్రి గారికి వచ్చింది. ఇది నిజమే. కానీ 'మిస్సమ్మ' 1955లో వచ్చింది. దానికి ఐదేళ్ళ ముందు, 1950లో, 'సంసారం' సినిమాలో హీరోయిన్ వేషం చేతిదాకా వచ్చి పోయింది, చిన్న వేషం మిగిలింది. 1951లో 'పాతాళభైరవి'లో ఒక డాన్సు. 1952లో 'పెళ్ళి చేసి చూడు'. 1953లో 'దేవదాసు'లో పార్వతి. ఆమెను వేషం వెతుక్కుంటూ వచ్చేలోపల ఐదేళ్ళ చాకిరి ఉంది. 1957లో 'మాయాబజార్' తీసిన కె.వి.రెడ్డి గారు మన తాడిపత్రి మనిషి. ఆ సినిమాలో ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో వచ్చే భాగం మళ్ళీ ఒకసారి చూడండి. ఆడపిల్ల ఒంట్లో రాక్షసుడు ఎట్లా నడుస్తాడో, ఎట్లా మీసం మెలేయబోతాడో ఆమె చేసి చూపించింది. దాన్ని అదృష్టం అనేవాళ్ళకు పని అంటే ఏమిటో తెలియదు.

"ఆఖర్లో ఎవరూ వేషం ఇవ్వలేదు" అంటారు. 1979లో వచ్చిన 'గోరింటాకు'లో ఆమె ఉంది. పాత రోజుల మాదిరి పెద్ద వేషాలు రాలేదనేది నిజం. కష్టాల్లో ఉందనేదీ నిజం. కానీ ఆరోగ్యం పాడైనా పనికి పోతూనే ఉండింది. 1980 మే నెలలో కోమాలోకి పోయి, 19 నెలలు అట్లే ఉండి, 1981 డిసెంబర్ 26న చనిపోయింది. పనికి పోయే మనిషిని పట్టుకుని 'పతనమైన ఆడది' అని పేరు పెట్టినారు.

"ప్రేమ, తాగుడు, అంతే కదా" అంటారు. 1968లో 'చిన్నారి పాపలు' అనే సినిమాకు ఆమె డైరెక్టర్. సంగీతం పి.లీల గారు. ముఖ్యమైన పనుల్లో చానావరకు ఆడవాళ్ళనే పెట్టుకుని తీసిన సినిమా అది. తర్వాత 1969లో 'మాతృదేవత', 1971లో తమిళంలో 'ప్రాప్తం', మధ్యలో ఇంకా కొన్ని తీసింది. యాభై ఏళ్ళకు పైగా అయింది, ఇప్పటికీ తెలుగులో ఆడ డైరెక్టర్ల పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటాము. 'ప్రాప్తం'తో నష్టపోయింది అని అందరూ చెబుతారు, 'చిన్నారి పాపలు' పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. సినిమా తీసి నష్టపోయిన మగ నిర్మాతలు ఎంతోమంది ఉన్నారు. వాళ్ళ కథ చెప్పి ఏ తాండాలోనైనా ఒక మగపిల్లవాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టినారా?

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. సావిత్రి గారు గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టింది. ఆరు నెలలకే తండ్రి పోయినాడు. పెద్దమ్మ, పెదనాన్నల దగ్గర పెరిగింది. పుట్టింది డిసెంబర్ 6 అంటారు కానీ సంవత్సరం ఒక్కొక్కరు ఒక్కొక్కటి రాసినారు. 1934 అని కొందరు, 1935 అని కొందరు, 1936 అని కొందరు. సినిమా పిచ్చోళ్ళకు ఇది చిన్న విషయం. మనకు కాదు.

ఎందుకంటే జెమిని గణేశన్ గారితో పెళ్ళి 1952లో జరిగిందని ఎక్కువమంది రాసినారు. ఆ సంవత్సరం డిసెంబర్ 6 వరకు ఆమె వయసు ఎంత? 1934 అయితే 17. 1935 అయితే 16. 1936 అయితే 15. జెమిని గణేశన్ గారు 1920 నవంబర్‌లో పుట్టినారు, అంటే 31 ఏళ్ళు. 1940లోనే ఆయనకు పెళ్ళయింది.

ఈ అంకెలను ఒక కాగితం మీద రాసుకుని చూడండి. "ఒకణ్ణి నమ్మి చెడిపోయింది" అని మనం చెప్పుకునే ఆ ఆడమనిషి అప్పటికి ఇంటర్ వయసు పిల్ల. తండ్రి లేని పిల్ల, కుటుంబానికి సంపాదించి పెడుతున్న పిల్ల. అవతలి మనిషికి రెట్టింపు వయసు, ఇంట్లో భార్య. ఆ రోజుల్లో చట్టం ఆడపిల్ల పెళ్ళి వయసు 15 అని చెప్పింది. 18 అని మార్చింది 1978లో. అప్పటి చట్టం ఏమన్నా, ఆ వయసు పిల్ల తీసుకున్న నిర్ణయానికి జీవితాంతం ఆ పిల్లనే దోషిని చేయడం ఏమి న్యాయం?

ఇంకొక సంగతి. ఆయనకు తమిళంలో 'కాదల్ మన్నన్' అని బిరుదు, అంటే ప్రేమకు రాజు. 1971లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆయన గొప్ప నటుడు, అవార్డు ఇవ్వడం మీద మాకు అభ్యంతరం లేదు. కానీ ఒకే పెళ్ళి నుంచి మగాయనకు రాజు అనే పేరు, ఆడామెకు గుణపాఠం అనే పేరు ఎట్లా వచ్చినాయి? తాగుడు సంగతీ అంతే. మన తాండాల్లో సారాకు పోయిన మగోళ్ళను లెక్కపెడితే వేళ్ళు చాలవు. వాళ్ళ పేరు చెప్పి ఎవరూ మగపిల్లల చదువు ఆపలేదు. తాగుడు ముచ్చటకు మాత్రం మద్రాసు దాకా పోయి సావిత్రిని తెచ్చుకుంటారు.

పుట్టిన తేదీ దగ్గర మేము ఎందుకు ఆగినామో మీకు అర్థమై ఉంటుంది. ఈ గ్రూపులో ఉన్నవాళ్ళు మీ టెన్త్ మెమో తీసి చూడండి. జూన్ 1, జులై 1, లేదంటే ఆగస్టు 15. మా హాస్టల్లో ఒక్క గదిలోనే ముగ్గురికి ఒకే పుట్టినరోజు. బడిలో చేర్చేనాడు సారు అడిగితే మన అమ్మానాన్న "శెనక్కాయలు పీకేటప్పుడు పుట్టినాడు", "పెద్ద కరువు ఏడాది ముందు" అని చెప్పినారు, సారు లెక్క చూసి ఒక తేదీ రాసినాడు. మగపిల్లవానికి దీంతో ఉద్యోగానికో, స్కాలర్‌షిప్‌కో ఇబ్బంది. ఆడపిల్లకు మాత్రం బతుకే దానిమీద ఉంటుంది. తేదీ గట్టిగా లేకపోతే "పద్దెనిమిది నిండినాయి లేప్పా" అనడం సులభం. వానలు లేని ఏడాది, వలస పోయే ముందు, పిల్లను ఎవరికో ఒకరికి అప్పజెప్పి పోదామనే ఆలోచన వస్తుంది. అప్పుడు ఆ రెండు మూడేళ్ళ తేడాను ఎవరూ అడగరు.

"కథలో నిజం ఎంతున్నా భయంతో పిల్ల జాగ్రత్తగా ఉంటుంది కదా" అని కొందరు అన్నలు అంటారు. వాళ్ళకు చెడ్డ ఉద్దేశం లేదని మాకు తెలుసు. ఊరు దాటిన పిల్లకు ఏమవుతుందోనని వాళ్ళకు దిగులు. కానీ ఆ భయం పిల్లను ఎక్కడికి చేరుస్తుందో చూడండి. కాలేజీ మానిపిస్తారు. ఇంట్లో కూర్చున్న పిల్లకు సంబంధం చూస్తారు. పదహారేళ్ళకు తాళి కట్టిస్తారు. సావిత్రి మాదిరి కాకూడదని మొదలుపెట్టి, సావిత్రికి జరిగిందే ఆ పిల్లకూ చేస్తారు. ఆమెకు నటన అనే పని ఒకటి చేతిలో ఉండింది. మన పిల్లకు అది కూడా లేకుండా చేస్తారు.

అందుకని ఈ గ్రూపులో ఉన్న మనమందరం మూడు పనులు చేద్దామని అడుగుతున్నాము.

ఒకటి, మీ ఇంట్లో, మీ తాండాలో పాప పుట్టినా బాబు పుట్టినా 21 రోజుల్లోపల జననం నమోదు చేయించండి. ఆశా అక్కను అడగండి, సచివాలయంలో అడగండి. ఆలస్యమైతే ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువంటే జనన ధృవీకరణ పత్రమే. వాళ్ళకు ఎవరో ఊహించి రాసిన జులై 1 అక్కర్లేదు.

రెండు, పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్ళి మాటలు నడుస్తున్నాయని తెలిస్తే ముందు ఇంటి పెద్దలతో మాట్లాడండి, వినకపోతే 1098కి ఫోన్ చేయండి. ఫోన్ చేసినోళ్ళను తాండా ద్రోహి అనే మాట ఈ గ్రూపులో ఎవరూ అనకూడదు.

మూడు, ఈసారి ఎవరైనా సావిత్రి కథ ఎత్తితే గొడవకు దిగొద్దు. "ఆమె పెళ్ళినాటికి ఎన్నేళ్ళు పెద్దాయనా?" అని ఒక్క ప్రశ్న అడగండి. తర్వాత 'చిన్నారి పాపలు' ఎవరు తీసినారో చెప్పండి.

మీ మెమోలో ఏ తేదీ ఉందో, ఇంట్లో అవ్వ చెప్పే లెక్క ఏమిటో కింద రాయండి. ఎంతమందిమి జులై 1న పుట్టినామో చూద్దాం.