'గలరు' గారి పెత్తనం

తెలుగు మీడియం పిల్లల కోసం రాసిన ఇంగ్లీషు వ్యాకరణం పుస్తకాల్లో ఒక పట్టిక తరచూ కనిపిస్తుంది. కెన్ అంటే 'గలను', మే అంటే 'వచ్చును', షుడ్ అంటే 'చేయవలెను', మస్ట్ అంటే 'తప్పక చేయవలెను'. దీనివల్ల ఎంతమందికి ఇంగ్లీషు వచ్చిందో గానీ, తెలుగు మాత్రం చెడిందని నా ఫిర్యాదు.

మీ ఫోన్‌లో ఏదో ఒక యాప్‌ని తెలుగులోకి మార్చి చూడండి. 'మీరు మీ ఫొటోను మార్చగలరు' అంటుంది. నా శక్తిసామర్థ్యాల మీద దానికి అంత నమ్మకం ఎందుకో! అక్కడ కెన్ చెప్పేది వీలు గురించి. మనింట్లో ఎవరైనా 'మార్చుకోవచ్చు' అనే అంటారు. 'వాడు ఈత కొట్టగలడు' వేరు, 'ఇక్కడ ఈత కొట్టొచ్చు' వేరు. ఇంగ్లీషు రెంటికీ ఒకే కెన్‌తో సరిపెట్టుకుంటుంది, మనం విడదీస్తాం. ఉన్న తేడాని చెరిపేసుకోవడం ఏం అనువాదం?

'కాదు' అనాల్సి వచ్చినప్పుడు ఇంకా తమాషా. 'మే నాట్ గో' అంటే నిషేధమో అనుమానమో సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి. 'వెళ్ళకూడదు', 'వెళ్ళకపోవచ్చు' – ఈ రెంటి మధ్యా పొరబడే తెలుగువాడున్నాడా? 'చెయ్యాలి'కీ ఎదురు మాటలు రెండున్నాయి: చెయ్యకూడదు, చెయ్యక్కర్లేదు. మస్ట్ నాట్‌కీ నీడ్ నాట్‌కీ తేడా తెలియని పిల్లవాడికి ఈ జంట చూపిస్తే చాలు. పట్టికలో అదే ఉండదు.

'ఇంగ్లీషుకున్న కచ్చితత్వం మనకి లేదండీ' అనే మా సాఫ్ట్‌వేర్ మిత్రులకి ఒక సంగతి గుర్తు చెయ్యాలి. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళు 1997 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే పత్రం తెచ్చారు. మస్ట్ అంటే తప్పనిసరి; షుడ్ అంటే సరైన కారణం ఉంటే, పర్యవసానాలు తెలుసుకుని, మానుకోవచ్చు; మే అంటే నీ ఇష్టం. అదీ చాల్లేదు. పెద్దక్షరాల్లో రాస్తేనే ఈ అర్థాలని 2017లో ఇంకో పత్రం. కెన్‌కైతే ఆ జాబితాలో చోటే దక్కలేదు! ఆ కచ్చితత్వం వాళ్ళు కూర్చుని కుదుర్చుకున్న ఒప్పందం. మన ఆఫీసులూ అనువాద సంస్థలూ అలా ఎప్పుడు కూర్చున్నాయి?

దీనికి తోడు మర్యాద జబ్బొకటి. 'జత చెయ్యండి' అంటే ఆజ్ఞలా ఉంటుందని, 'ఆదాయ ధ్రువపత్రం జత చేయగలరు' అని నోటీసు అంటిస్తారు. 'సెలవు ఇప్పించగలరని ప్రార్థన' అని పాతకాలం నుంచీ రాస్తున్నాం కదా అంటారు. నిజమే. అక్కడ అడిగేవాడు ఆశపడుతున్నాడు, ఇవ్వకపోతే నష్టం అతనికే. నోటీసులో నష్టం చదివినవాడికి. పింఛను కోసం మండలాఫీసుకొచ్చిన పెద్దాయన, 'ఉంటే పెట్టమన్నారు కాబోలు' అనుకుంటే తప్పెవరిది? 'జత చెయ్యాలి, లేకపోతే దరఖాస్తు తీసుకోం' అని రాస్తే ఎవరి గౌరవమూ తరిగిపోదు. ఆయనకి ఇంకోసారి రానూపోనూ బస్సు ఛార్జీలు మిగులుతాయి.