మన డిస్కు, వాళ్ల గోడౌను

అంబర్‌పేట్‌లో ఇరుకు గదికి అద్దె కట్టేవాళ్లకి జాగా విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. ఓనరు తన పాత బీరువా తెచ్చి మన గదిలో పెడితే ఊరుకుంటామా? గేము కంపెనీ పెడితే మాత్రం ‘అప్‌డేట్’ అనుకుని సర్దుకుపోతాం.

‘స్టోరేజీ చవకే, ఇంకో ఎస్‌ఎస్‌డీ కొనుక్కో’ అంటారు. చవక ఎవరికి? డబ్బులు మనవి, డేటా మనది. ‘మంచి గ్రాఫిక్స్ కావాలంటే సైజు పెరగదా?’ అనీ అంటారు. హెల్‌డైవర్స్ 2 చూడండి. పీసీలో 150 జీబీ దాటిన ఆ గేము 2025 డిసెంబరులో దాదాపు 23 జీబీకి దిగింది. ఆటలో ఏదీ కోసెయ్యలేదు. పాత హార్డ్ డిస్కుల్లో త్వరగా లోడ్ అవ్వాలని ఒకే డేటాని పదేపదే పెట్టారు, ఆ నకళ్లు తీసేశారంతే. తీరా కొలిస్తే లోడింగులో తేడా కొన్ని సెకన్లే.

అంటే చెయ్యలేక కాదు, అడిగేవాళ్లు లేక. 2019 నాటి కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్‌లో, పీసీ మీద అక్కర్లేని మోడ్‌లు విడిగా తీసేసే వీలు 2020లో గానీ రాలేదు. గెన్షిన్ ఇంపాక్ట్‌లో వాడని భాష వాయిస్ ప్యాకు తీసెయ్యొచ్చు. (అందులో తెలుగు లేదు, అది వేరే ఏడుపు.) స్టీమ్‌లో విడిగా దిగిన డీఎల్‌సీకి టిక్కు తీసేస్తే ఫైళ్లు పోతాయి, కొన్న హక్కు పోదు.

ఇది దయ కాదు, మర్యాద. ప్రతి ముక్క సైజూ ముందే చూపించాలి. కథ ఆడేశాక కథని పంపేసి, సేవ్ ఉంచుకోనివ్వాలి. అన్నిటికన్నా ముందు, దించే ముందు అడగాలి. అడగని గేముకి ఒక్క స్టారే ఇవ్వండి, కారణం కూడా రాయండి.