కంకర సైజే కాదు, అంచులూ చూడాలి

తొర్రూరు మీదుగా వరంగల్–ఖమ్మం రోడ్డున పోతుంటే ఎటు చూసినా కట్టుబడులే. ఒకరు బేస్‌మెంటులో మొరం పోయిస్తుంటారు, ఇంకొకరు కాలనీ రోడ్డుకు కంకర పరిపిస్తుంటారు. అందరూ అడిగేవి మూడే: ట్రిప్పు ఎంత, ఎన్ని ట్రిప్పులు పడతాయి, సైజు ఎంత. గింజ ఆకారం ఎలా ఉందని అడిగేవాళ్లు అరుదు. ఆ నాలుగో ప్రశ్న కూడా అడగాలి.

ఇసుక, మొరం, కంకర బంకమట్టిలా అతుక్కుని నిలబడవు. గింజకు గింజ ఒరుసుకుని, ఒకదాని సందులో ఒకటి ఇరుక్కుని బరువు మోస్తాయి. పక్కకు నెట్టే ఒత్తిడి పెరిగితే గుండ్రటి గింజ దొర్లిపోతుంది. అంచులున్న గింజ అంత తేలిగ్గా దొర్లదు, పక్కదాన్ని ఎక్కి దాటాలి. దాటాలంటే మీదున్న బరువును కాస్త పైకి లేపాలి. అలాంటి నేల బలంలో కొంత పాలు అక్కడిదే.

నమ్మకం కుదరకపోతే వాగు గులకరాళ్లు ఒక తట్టెడు, అదే సైజు క్రషర్ కంకర ఒక తట్టెడు పక్కపక్కన కుమ్మరించి చూడండి. గులకరాళ్లు జారి పలచగా పరుచుకుంటాయి. కంకర కుప్ప నిటారుగా నిలుస్తుంది. ఆ వాలులోనే తేడా కంటికి కనిపిస్తుంది.

ఈ తేడాను శాస్త్రం ఏనాడో లెక్కగట్టింది. గట్టిగా కుదించిన ఇసుకలో ఒకే సైజు గుండ్రటి గింజలుంటే ఘర్షణ కోణం 34 డిగ్రీలు, చిన్నాపెద్దా కలిసిన అంచుల గింజలుంటే 45 డిగ్రీలు అని నేల ఇంజినీరింగ్ నిపుణులు టెర్జాగీ, పెక్ తమ పుస్తకంలో రాశారు. అంటే మీద 100 కిలోల బరువు ఉన్నప్పుడు మొదటిది సుమారు 67 కిలోల తోపుకే జారుతుంది, రెండోది 100 కిలోల దాకా ఓర్చుకుంటుంది. అందులో సైజుల కలయిక వాటా కూడా ఉంది. 2006లో చో, డాడ్స్, సాంతామరీనా ప్రచురించిన పరిశోధన గుండ్రదనం ప్రభావాన్నే విడిగా చూపింది: గింజ గుండ్రబడే కొద్దీ ఈ కోణం 40 డిగ్రీల దగ్గర నుంచి 25 దాకా పడిపోతుంది.

అయితే అంచులుంటే చాలదు. అలాంటి గింజలు వదులుగా పోస్తే సందులు ఎక్కువ మిగులుతాయి. రోలర్ తిప్పకుండా, దిమ్మిస వేయకుండా వదిలేస్తే తర్వాత బరువుకు మొనలు విరిగి నేల కుంగుతుంది. బిళ్లల్లా పలచగా ఉన్న కంకరా పనికిరాదు, అది అడ్డంగా పడి విరుగుతుంది. అలాంటి రాళ్ల వాటా ఎంతో తేల్చే పరీక్షను భారత ప్రమాణం 2386 మొదటి భాగం 1963లోనే చెప్పింది.

గింజలు చెదరకుండా చుట్టూ కట్టడి కూడా ఉండాలి. అలా కట్టడి చేసిన ఇసుక మీద పునాది వేసి రామప్ప గుడిని నిలబెట్టిన కాకతీయుల నేల మనది. కట్టడి పోతే ఏమవుతుందో కూడా చూశాం: 2024 సెప్టెంబరు 1న మన మానుకోట (మహబూబాబాద్) జిల్లాలోనే, కేసముద్రం దగ్గర వరద రైలు పట్టాల కింది కంకరను, కట్టను కోసుకుపోయింది. రైల్వే వాడేది అంచులున్న కంకరే. కింద కట్టే కొట్టుకుపోతే ఎంత పదునైన అంచులైనా పట్టాలను ఆపలేవు. అందుకే ఆకారం, కుదింపు, కట్టడి, నీళ్లు పోయే దారి నాలుగూ కలిస్తేనే బలం.

ఊళ్లో రోడ్డు పని మొదలైతే ఖర్చు బోర్డు పెడతారు. కంకర ఆకార పరీక్ష ఫలితం, కుదింపు పరీక్ష ఫలితం కూడా దాని మీదే రాయాలి. గుత్తేదారు మారినా, ఇంజినీరు బదిలీ అయినా ఆ రెండు అంకెలు జనం ముందు ఉంటాయి. ఇల్లు కట్టుకునేవాళ్లు ట్రాక్టర్ దించకముందే గుప్పెడు తీసి వేళ్ల మధ్య నలిపి చూడాలి, నున్నగా జారితే మేస్త్రీని పిలిచి అడగాలి. మన డబ్బుతో వేసే పునాది గురించి అడగడానికి మొహమాటం వద్దు.