ఒక్క పేరు చాలు అనగలిగేది ఎవరు?



పేర్ల మీద రాస్తున్న ఈ వరుసలో పోయిన భాగం బడి రిజిస్టర్ల గురించి. ఈసారి పాటగాళ్ల గురించి రాస్తున్నాను. దీనికి కారణం మా కాలేజీలో డిగ్రీ రెండో ఏడాది చదివే ఒక తమ్ముడు. ర్యాప్ రాస్తాడు, పాడతాడు. మొదటి పాట యూట్యూబ్‌లో పెట్టే ముందు స్టాఫ్ రూమ్‌కి వచ్చి నిలబడ్డాడు.

"సార్, ఇంటి పేరు తీసేసి ఒక్క పేరే పెట్టుకుందామనుకుంటున్నా. ప్రిన్స్ లెక్క, అరివు లెక్క. మీరేమంటారు?"

"ఎందుకు తీసేద్దామనుకుంటున్నావు?" అన్నాను.

"స్టైల్‌గా ఉంటది సార్" అన్నాడు. కాసేపు ఆగి, గొంతు తగ్గించి, "ఇంటి పేరు చూస్తే మాది ఏ వాడో తెలిసిపోతది సార్" అన్నాడు.

అప్పటికప్పుడు నా దగ్గర జవాబు లేదు. వారం రోజులు ఆలోచించాక ఇది రాస్తున్నాను.

ఒక్క పేరుతో ప్రపంచాన్ని ఏలిన పాప్, రాక్ గాయకులు చాలామంది ఉన్నారు. మడోన్నా, షేర్, ప్రిన్స్, బియాన్సే, రిహానా, అడెల్. ఇంకేమీ చెప్పక్కర్లేదు, ఎవరో అందరికీ తెలుసు. "ఏ మడోన్నా?" అని ఎవరూ అడగరు. ఒక్క పేరు అంటే అసలు గొప్పతనం ఇదే. అవతలివాడు రెండో ప్రశ్న వేయడు. మన దేశంలో మన పిల్లలు రోజూ ఎదుర్కొనేది ఆ రెండో ప్రశ్ననే కదా. పేరు చెప్పగానే "పూర్తి పేరు?" అంటారు. అది చెబితే "మీది ఏ ఊరు? నాన్నగారేం చేస్తారు?" అంటారు. కులం అడగలేదనే మర్యాద మిగుల్చుకుని కులం దాకా వచ్చేస్తారు.

అయితే ఆ గాయకుల ఒక్క పేర్లన్నీ ఒకటి కావు. ఒక్కోదాని వెనక ఒక్కో కథ ఉంది.

షేర్ సంగతి చూడండి. ఆమె పుట్టినప్పటి ఇంటి పేరు సర్కీసియన్. అది తండ్రిది. తర్వాత సవతి తండ్రి పేరు, ఇద్దరు భర్తల పేర్లు వచ్చి చేరాయి. 1970ల చివర్లో ఆమె చట్టబద్ధంగా అవన్నీ తీసేసి షేర్ అన్న ఒక్క పేరే ఉంచుకుంది. నలుగురు మగవాళ్ల పేర్లు మోయడం మానేసింది. పెళ్లి కాగానే ఆధార్ కార్డులో ఇంటి పేరు మార్చుకోవడానికి మీసేవ ముందు నిలబడే మన చెల్లెళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

బియాన్సే పేరు వెనక ఇంకో కథ ఉంది. అది ఆమె తల్లి టీనా నోల్స్ పుట్టింటి ఇంటి పేరు. తన ఇంటి పేరు తనతో ఆగిపోకూడదని ఆ తల్లి దాన్నే కూతురికి పేరుగా పెట్టింది. అయితే టీనా తోబుట్టువుల పుట్టిన పత్రాల్లో ఆ ఇంటి పేరు రకరకాల స్పెల్లింగులతో ఉందట. ఎందుకలా అని ఆమె తన తల్లిని అడిగింది. ఆసుపత్రిలో అలా రాశారని, సరిచేయమని తాను అడిగితే, పుట్టిన పత్రం ఇస్తున్నందుకే సంతోషించమన్నారని ఆ తల్లి చెప్పిందట. ఒకప్పుడు నల్లవాళ్లకు ఆ కాగితం కూడా ఇచ్చేవాళ్లు కాదు. ఈ సంగతి టీనా నోల్స్ 2020లో బహిరంగంగా చెప్పింది.

ఇది విన్న రోజు నేను చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. నా పదో తరగతి మెమోలో మా ఇంటి పేరు ఒక రకంగా, కుల ధ్రువీకరణ పత్రంలో ఇంకో రకంగా ఉండేది. ఒక్క అక్షరం తేడా. ఆ తేడా వల్ల ఇంటర్‌లో ఒక ఏడాది నాకు స్కాలర్‌షిప్ రాలేదు. సరిచేయమని మా నాయన బడికి పోతే, "పిల్లగాడు పాసైండు గదా, అక్షరం కోసం పంచాయితీ ఏంది?" అన్నారు. అమెరికా దక్షిణాది ఆసుపత్రిలోనూ, తెలంగాణలో ఒక పల్లె బడిలోనూ గుమాస్తా చెప్పింది ఒకే మాట: నీకు కాగితం దొరకడమే ఎక్కువ, అందులో నీ పేరు సరిగ్గా ఉండాలని కూడా అడుగుతావా?

నేడు ఆ తప్పొప్పుల పేరే ప్రపంచమంతా పలుకుతోంది. తల్లి ఇంటి పేరును కూతురు ఒక్క పేరుగా మార్చింది. అంటే బియాన్సే ఒక్క పేరులో ఇంటి పేరు పోలేదు, మిగిలింది.

ఇక ప్రిన్స్. అది స్టేజీ కోసం పెట్టుకున్న పేరని చాలామంది అనుకుంటారు. కాదు. 1958లో మినియాపొలిస్‌లో పుట్టినప్పుడు పెట్టిన పేరే ప్రిన్స్ రోజర్స్ నెల్సన్. తండ్రి జాజ్ పియానో వాయించేవాడు, వేదిక మీద ఆయన పేరు ప్రిన్స్ రోజర్స్. ఆ పేరే కొడుక్కి ఇచ్చాడు. ఆ కొడుకు 1993లో తన 35వ పుట్టినరోజున ఆ పేరు వదిలేసి, నోటితో పలకలేని ఒక గుర్తును పేరుగా పెట్టుకున్నాడు. పత్రికలకు ఆ గుర్తు అచ్చువేయడం చేతకాక, రికార్డు కంపెనీ దాన్ని ఫ్లాపీ డిస్కుల్లో పంపాల్సి వచ్చింది. "ఒకప్పుడు ప్రిన్స్ అని పిలవబడిన కళాకారుడు" అని రాసుకున్నారు. పిచ్చి పట్టిందని నవ్వినవాళ్లు ఎందరో.

నవ్వినవాళ్లు చూడనిది కంపెనీతో ఉన్న ఒప్పందం. పాటలు ఆయన రాశాడు, పాడాడు, వాయించాడు. కానీ అసలు రికార్డింగుల మీద హక్కు వార్నర్ బ్రదర్స్‌ది. ఎన్ని పాటలు ఎప్పుడు విడుదల చేయాలో చెప్పేదీ వాళ్లే. తండ్రి ఇచ్చిన పేరు కంపెనీ సరుకు మీద ముద్రగా మారిందని ఆయనకు అనిపించింది. అందుకే చెంప మీద "బానిస" అని రాసుకుని వేదిక ఎక్కాడు. 1996లో ఆ కంపెనీ నుంచి బయటపడి మూడు డిస్కుల ఆల్బం విడుదల చేసి, దానికి విముక్తి అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. 2000లో మళ్లీ ప్రిన్స్ అయ్యాడు. 2014లో తన పాత రికార్డింగుల మీద హక్కు తిరిగి సంపాదించుకున్నాడు. 2016లో చనిపోయాడు.

కోట్ల ఒప్పందం మీద సంతకం పెట్టిన మనిషి బానిస అని రాసుకోవచ్చా? ఈ ప్రశ్న నాకూ ఉంది. కంపెనీ ఒప్పందం, తరాల బానిసత్వం ఒకటి కావు. వెట్టి చేసిన తాత ఉన్న ఇంట్లో పుట్టినవాణ్ని, ఆ మాటను తేలిగ్గా వాడలేను. కానీ ఆయన చూపించిన సంగతి నిజం. నీ పేరుకు ఎంత వెలుగున్నా, దాని కింద ఉన్న పని మీద హక్కు వేరేవాడిదైతే ఆ పేరు కూడా వాడిదే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

ఒక్క పేరు మనకు కొత్త కాదు. మా తాత పేరు ఎల్లయ్య. ఊళ్లో ఆయన ఒక్క పేరు గలవాడే. "ఎల్లిగా!" అని పదేళ్ల దొర కొడుకు కూడా పిలిచేవాడు. ఇంటి పేరు ఎవరూ అడగలేదు. అవసరం లేదు మరి, వాడ మొత్తానికీ ఒకటే చిరునామా. రెండో ప్రశ్న లేకపోవడమే గొప్ప అయితే మా తాత కూడా గొప్పవాడే కావాలి. కాబట్టి ఒక్క పేరులో గౌరవం దానంతట అదే ఉండదు. పిలిచేవాడు ఎవడు, ఆ పిలుపుకు "గా" తగిలించే అధికారం వాడికి ఎవరిచ్చారు అన్నదే అసలు సంగతి.

నేను తెలుగు సాహిత్యం చదువుకున్నవాణ్ని, కాబట్టి నా సొంత ఇంటి సంగతి కూడా చెప్పాలి. ఆధునిక సాహిత్యంలో మనం పెద్దలను ఎలా పిలుస్తాం? కందుకూరి, గిడుగు, గురజాడ, విశ్వనాథ. అన్నీ ఇంటి పేర్లే. పాటలో ఘంటసాల, అదీ ఇంటి పేరే. కానీ గుర్రం జాషువాను "గుర్రం" అని ఎవరైనా అన్నారా? జాషువా అంటాం. కుసుమ ధర్మన్నను ధర్మన్న అంటాం. బోయి భీమన్నను భీమన్న అంటాం. ఇది నియమమని నేను అనడం లేదు. బాపిరాజును బాపిరాజు అనే అంటాం, తిక్కన, పోతన ఎటూ పేర్లతోనే నిలిచారు. కానీ ఎవరి ఇంటి పేరు దానంతట అదే గౌరవవాచకం అవుతుంది, ఎవరిది కాదు అన్నది క్లాసులో ఎప్పుడూ రాని ప్రశ్న. దళిత ఉద్యమం వచ్చాకే కలేకూరి, ఎండ్లూరి, మద్దూరి అని మనవాళ్ల ఇంటి పేర్లు సభల్లో తలెత్తుకుని వినిపించాయి. అంటే ఒక తరం కష్టపడి ఇంటి పేరును వెలుగులోకి తెచ్చింది. మా తమ్ముడు ఇప్పుడు దాన్ని తీసేద్దామంటున్నాడు. నా లోపల గుచ్చుకున్నది ఇదే.

కానీ తీసేయడానికీ మనకొక గొప్ప దారి ఉంది. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు గద్దర్ అయ్యాడు. 1913లో అమెరికా పడమటి తీరంలో ప్రవాస భారతీయులు పెట్టిన గదర్ పార్టీ పేరు నుంచి వచ్చిందది. ఆ పేరు వెనక ఇల్లు లేదు, తిరుగుబాటు ఉంది. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా 2023 ఆగస్టు 6న చనిపోయే దాకా ఆయన వెన్నులోనే ఉంది. ఈనాడు ప్రభుత్వమే సినిమా అవార్డులకు ఆ ఒక్క పేరు పెట్టుకుంది. విఠల్‌రావు ఎవరు అంటే తెలియనివాళ్లు కూడా గద్దర్ ఎవరో చెబుతారు. ఆయన కులం దాచుకోవడానికి పేరు మార్చుకోలేదు. తన పాటలోకి వాడనూ కూలినీ వెంట తీసుకుపోయాడు.

ఆ తమ్ముడు చెప్పిన రెండో పేరు అరివు. పూర్తి పేరు అరివరసు కలైనేసన్, ఊరు తమిళనాడులోని అరక్కోణం. తమిళంలో అరివు అంటే జ్ఞానం, మన "ఎరుక"కు దగ్గరి మాట. అక్కడ కుల తోక లేకపోవడం కూడా ఉద్యమ ఫలితమే. 1929లో చెంగల్పట్టు ఆత్మగౌరవ మహాసభ కులం పేర్లు వదిలేయాలని తీర్మానించింది. పా. రంజిత్ చొరవతో మొదలైన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్‌లో అరివు గొంతు వినిపించింది. 2021 మార్చిలో "ఎంజాయ్ ఎంజామి" వచ్చింది. శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసి వెనక్కి రావాల్సి వచ్చిన తన అవ్వ వల్లియమ్మాళ్ జీవితం అందులో ఉందని అరివు చెప్పాడు.

అదే ఏడాది ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం వచ్చింది. ఆ పాట ప్రస్తావన ఉంది, పాడిన ధీ ఉంది. రాసిన అరివు లేడు. పా. రంజిత్ బహిరంగంగా ప్రశ్నించాడు. ఎందరో ప్రశ్నించారు. ఆ తర్వాత పత్రిక అరివుతో ఒక డిజిటల్ ముఖచిత్రం వేసింది. 2022లో చెన్నై చెస్ ఒలింపియాడ్ వేదిక మీద ఆ పాట అరివు లేకుండా వినిపించింది. మళ్లీ చర్చ. పాట తయారీలో ఎవరి పాత్ర ఎంత అన్నదాని మీద సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ వాదన ఆయనకుంది, ధీ వాదన ఆమెకుంది. 2024లో ఆ పాట ఆదాయం తమకు ఇంకా అందలేదని సంతోష్ నారాయణనే చెప్పాడు. ఎవరు ఎంత తప్పు అన్న తీర్పు ఇక్కడ నేను ఇవ్వడం లేదు. నేను చూస్తున్నది ఒక్కటే: ఆ పాట మొత్తంలో మొదట జారిపోయిన పేరు ఎవరిది?

ప్రిన్స్ తన పేరును తానే తీసేస్తే ప్రపంచం వెతుక్కుంది. అరివు పేరు కనబడకపోతే, వెతకడానికి ఒక ఉద్యమం కావాల్సి వచ్చింది.

తమ్ముడూ, ఇది చదువుతున్నావని తెలుసు. నా జవాబు ఇది.

స్టైల్ కోసం అయితే ఒక్క పేరు పెట్టుకో. పాటకు మంచి పేరు కావాలి, అందులో తప్పేం లేదు. భయం కోసం అయితే వద్దు. ఎందుకంటే అది పనిచేయదు. ఇంటి పేరు తీసేస్తే వాళ్లు ఊరు అడుగుతారు, ఊరు దాస్తే పాటలో మాటలు పట్టుకుంటారు. దాచుకుంటూ రాసిన పాటలో నీ బలం ఉండదు, నీ యాస ఉండదు.

రెండోది. పైన ఒక్క పేరు పెట్టినా, రచన దగ్గర పూర్తి పేరు రాయి. చిత్తుప్రతులు తారీఖులతో దాచుకో. సంతకం పెట్టే ముందు కాగితం చదువు, చదివించు. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం, సినిమాలో గానీ రికార్డులో గానీ చేరిన పాటను, సినిమా హాల్లో ఆ సినిమాతో పాటు వినిపించడం కాకుండా మరే రూపంలో వాడుకున్నా, రచయితకూ స్వరకర్తకూ హక్కులు తీసుకున్నవాళ్లతో సమానంగా రాయల్టీలో వాటా ఉంటుంది. ఆ హక్కును కంపెనీకి వదులుకున్నట్టు నీచేత రాయించుకోవడానికి చట్టం ఒప్పుకోదు. వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప అది ఇంకెవరికీ పోదు. పాట రాసే మన పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? స్టూడియోలో అయిదు వేలు చేతిలో పెట్టి "పాట మాది" అంటే తల ఊపి వచ్చేస్తున్నారు. ఆత్మగౌరవం నినాదంలో ఎంత ఉందో ఆ కాగితంలోనూ అంతే ఉంది.

మూడోది మిగతావాళ్లకు. వాట్సాప్‌లో పాట పంపేటప్పుడు రాసినవాళ్ల పేరు కూడా పంపండి. మన సభల్లో మనమే "ఎవరో రాసిన పాట" అని పాడేస్తున్నాం. పత్రికలను అడిగే ముందు మన కరపత్రం చూసుకుందాం.

ఆ తమ్ముడి పాట ఇంకా బయటికి రాలేదు. పేరు దగ్గరే ఆగి ఉంది. నిన్న కారిడార్‌లో కనబడి, "సార్, మా నానమ్మ ఇంటి పేరు పెట్టుకుంటే ఎట్లుంటది?" అన్నాడు. ఆమె పుట్టింటి పేరు ఏంటని అడిగాను. తెలియదన్నాడు, వాళ్ల నాయనకూ తెలియదట. ఆదివారం ఊరికి పోయి అడిగొస్తానన్నాడు.

మీ నానమ్మ పుట్టింటి పేరు మీకు తెలుసా? తెలియకపోతే మీరూ అడిగి రండి. వచ్చే భాగం వాటితోనే మొదలుపెడతాను.

జై భీమ్.