రిమోటు కోసం ఎవరూ పోట్లాడని ఇల్లు

మొన్నామధ్య ఒక రాత్రి, తాను చూస్తున్న ధారావాహికలో మలుపు రాగానే అమ్మ, "చూశావట్రా, చివరికి ఆ పిల్ల నోరు విప్పింది!" అంది. నేను ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను. "ఊఁ" అన్నాను. ఏ పిల్లో, ఏం చెప్పిందో నాకు తెలియదు. నా చూపు అరచేతిలోని తెర మీద ఉంది. అమ్మ మరి మాట్లాడలేదు. టీవీ శబ్దం కాస్త పెంచింది.

1987 జనవరిలో దూరదర్శన్ రామాయణం మొదలుపెట్టినప్పుడు, ఆదివారం ఉదయం టీవీ ఉన్న ఇంటికి ఇరుగుపొరుగు వచ్చి కూర్చునేవారు. హిందీ రాని పెద్దవాళ్ళకు కూడా భాష అడ్డం కాలేదు, కథ తెలిసినదే గనుక. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాక రిమోటు తగాదాలు మొదలయ్యాయి. నాన్నకు క్రికెట్టు, మాకు పాటలు, అమ్మకు సీరియలు. కుటుంబాలు చెడిపోతున్నాయని అప్పట్లో వాపోయినవారిలో నేనూ ఉన్నాను. కానీ ఆ తగాదాలో ఓడినవాడు కూడా లేచి వెళ్ళేవాడు కాదు. సణుగుతూనే ఎదుటివారి ఇష్టాన్ని చూసేవాడు. 2016లో జియో రాకతో డేటా చవకై, ఓడిపోవలసిన అవసరం తప్పింది.

ప్రేక్షకుల లెక్క తీసే బార్క్ సంస్థ, ఎంపిక చేసిన ఇళ్ళలో మీటరు పెడుతుంది. ఛానలు శబ్దంలో కలిపిన, చెవికి వినబడని గుర్తును అది పసిగడుతుంది. చూస్తున్న ఒక్కొక్కరూ తమకు కేటాయించిన మీట నొక్కాలి. మనిషి గదిలో ఉన్నాడని దానికి తెలుస్తుంది గానీ, చూపు ఎటు ఉందో తెలియదు. ఆ లెక్కన ఆ రాత్రి నేనూ ప్రేక్షకుణ్ణే!

ఒక్క మాటకు ఆరుగురి ముఖాలు మూడేసిసార్లు చూపించే సీరియళ్ళను చూసి నవ్వేవాణ్ణి. వంటింట్లో పోపు వేస్తున్నవారికి కూడా కథ అందాలని పుట్టిన పద్ధతి కాబోలు అది. ఇప్పుడు ఫోనులోంచి తల ఎత్తనివారికి కూడా సరిగ్గా సరిపోతోంది.

తప్పంతా ఫోనుదే అనను. మధ్యాహ్నం అమ్మ కూడా తన ఫోనులో ప్రవచనాలు వింటుంది. అయితే ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు వింటుంది. నేను ఆమె పక్కన కూర్చుని చూస్తాను. ఈ తేడాకు నా దగ్గర సమర్థన లేదు.

నిన్న రాత్రి ఫోను పక్కగదిలో పెట్టి వచ్చి, "ఇంతకీ ఆ పిల్ల ఏం చెప్పిందమ్మా?" అని అడిగాను.

"అది జరిగి వారమైందిరా," అంది అమ్మ. ఖాళీగా ఉన్న నా చేతుల వైపు ఒకసారి చూసి, రిమోటు అందుకుని శబ్దం తగ్గించింది.