చూపుకి పిండివంట లేదు

మా టీములో ఈ మధ్య పిల్లలు పుట్టినవాళ్ళం నలుగురం ఉన్నాం. మా వాట్సాప్ గ్రూపు చూస్తే ఎవరైనా ప్రాజెక్టు స్టేటస్ రిపోర్టే అనుకుంటారు. "మావాడు మూడున్నర నెలలకే బోర్లా పడ్డాడు", "మా పాప ఏడో నెలకే పాకేస్తోంది" ఇలా. ఒకాయనైతే ఏకంగా ఎక్సెల్ షీటు పెట్టాడు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులతో. పదమూడో నెల వచ్చినా వాళ్ళబ్బాయి నడవలేదని ఒక గడి ఎర్రబడింది, దాంతోపాటే ఆయన మొహం కూడా.

నవ్వొచ్చింది గానీ పూర్తిగా నవ్వలేకపోయాను. (మా పాపకి ఇప్పుడు ఏడు వారాలు. నా ఫోన్లోనూ ఒక యాప్ ఉంది లెండి.)

ముందు ఆ ఎర్ర గడి సంగతి తేల్చేద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా అయిదు దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని నెలనెలా చూసి, 2006లో లెక్కలు ప్రచురించింది. ఆసరా లేకుండా నడవడమనేది 8.2 నెలల నుంచి 17.6 నెలల లోపు ఎప్పుడైనా రావచ్చని తేలింది. నూటికి నలుగురు పిల్లలైతే చేతులూ మోకాళ్ళ మీద పాకకుండానే నడిచేశారు. కాబట్టి ఇది రిలీజు డేటు కాదు. పద్దెనిమిది నెలలు దాటినా నడవకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, అంతే. పక్కింటోడు తొమ్మిదో నెలకే నడిస్తే వాడికి ఐఐటీలో సీటేమీ రిజర్వు కాదు.

నా బాధ ఇది కాదు. మనం కాళ్ళనీ నోటినీ ఇంత పట్టించుకుంటాం, కళ్ళని మాత్రం అసలు పట్టించుకోం.

మనవాళ్ళ పద్ధతి చూడండి. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. ప్రతి ముచ్చటకీ ఒక పిండివంట ఉంది. చూపుకి మాత్రం ఏదీ లేదు. పిల్ల పుట్టింది, కళ్ళు తెరిచింది, ఇంకేముంది, చూస్తోంది అనుకుంటాం. కానీ చూపు కూడా నడకలాగే నేర్చుకోవాల్సిన విద్య. పుట్టిన బిడ్డకి జానెడు దూరం దాటితే అంతా మసకే. సుమారుగా పాలు తాగేటప్పుడు అమ్మ మొహం ఉండేంత దూరం అన్నమాట. రెండు మూడు నెలలకి కదిలే వస్తువు వెంట కళ్ళు తిప్పుతుంది. నాలుగైదు నెలలకి చెయ్యి చాచి అందుకుంటుంది. రెండు కళ్ళూ కలిసి పనిచేసి ఏది దగ్గర, ఏది దూరం అని తెలియడం కూడా ఆ ప్రాంతంలోనే మొదలవుతుంది. మొదటి నెలల్లో కళ్ళు అప్పుడప్పుడూ పక్కకి పోతుంటాయి, దానికి కంగారు అక్కర్లేదు. నాలుగు నెలలు దాటాక కూడా మెల్ల కనబడుతుంటే మాత్రం చూపించాల్సిందే. (ముక్కు వెడల్పుగా ఉండి మెల్లలా అనిపించే పిల్లలూ ఉంటారు. ఏది ఏదో చెప్పాల్సింది డాక్టరు, పక్కింటి పిన్ని కాదు.)

మా అక్కావాళ్ళది చిత్తూరు పక్కన పల్లె. వాళ్ళ పాపకి ఏడాది నిండకముందు నుంచే ఎడమకన్ను లోపలికి తిరిగి ఉండేది. అక్క ఒకసారి అనుమానపడితే మా అవ్వ, "మెల్లకన్నంటే అదృష్టంమే, లచ్చిమి వచ్చింది ఇంటికి. పెద్దయితే అదే సరిపోతాది" అని కొట్టిపారేసింది. బావ సరేనన్నాడు. అప్పుడు తిరుపతిలో చదువుకుంటున్న నేనేం చేశాను? ఇంటికెళ్ళినప్పుడల్లా "ఏమే మెల్లకన్ను మహారాణీ" అని ఏడిపించేవాణ్ణి. ఇంజినీరింగు చదివిన వాడొకడు ఇంట్లో ఉన్నందుకు జరిగిన ఉపకారం ఇదీ.

పాప ఎప్పుడూ కనబడటం లేదని చెప్పలేదు. ఎలా చెప్తుంది? కుడికన్ను బాగా పనిచేస్తోంది, లోకమంటే అంతే అనుకుంది. 2019 అక్టోబరు 10న రాష్ట్రంలో స్కూలు పిల్లలకి కంటి వెలుగు పరీక్షలు మొదలుపెట్టారు కదా, అందులో బయటపడింది. కుడికన్ను మూసి చదవమంటే పై అక్షరం కూడా చెప్పలేకపోయిందట. అప్పటికి దానికి ఆరేళ్ళు.

రాయవేలూరు తీసుకెళ్ళాం, మా వైపు ఏ పెద్ద జబ్బుకైనా అదే దారి. డాక్టరమ్మ చెప్పింది విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కన్ను బాగానే ఉందట. మెల్ల వల్ల ఒక్కో కన్ను ఒక్కో బొమ్మ పంపిస్తే, రెండూ కలపలేక మెదడు ఒకదాన్ని పక్కన పెట్టేస్తుంది. అలా కొన్నేళ్ళు గడిస్తే ఆ కంటిని వాడటమే మానేస్తుంది. మన భాషలో చెప్పాలంటే కెమెరా బాగానే ఉంది, డ్రైవరే ఇన్‌స్టాల్ కాలేదు. హ్యూబెల్, వీజెల్ అనే ఇద్దరు 1960లలో పిల్లికూనల ఒక కంటిని మొదటి నెలల్లో మూసి ఉంచి దీన్ని నిరూపించారు. తర్వాత తెరిచినా ఆ కంటికి మెదడు స్పందించలేదు. 1981లో వాళ్ళకి నోబెల్ వచ్చింది. వైద్యానికి మంచి కాలం ఏడేళ్ళ లోపే, ఎంత ముందైతే అంత మేలు.

కళ్ళజోడు, మంచి కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ. చెప్పినంత తేలిక కాదిది. కనబడే కన్ను మూసి కనబడని కంటితో హోంవర్కు చెయ్యమంటే ఏ పిల్ల ఊరుకుంటుంది? పీకి పారేసేది, అక్క మళ్ళీ అతికించేది, ఇద్దరూ ఏడ్చేవాళ్ళు. ఏడాదిన్నర తర్వాత ఆ కంటితో అయిదో వరస దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. ఇప్పటికీ షటిల్ ఆడితే కాక్ ఎంత దూరంలో ఉందో దానికి అందదు. రెండేళ్ళప్పుడే తీసుకెళ్ళుంటే అని అక్క ఇప్పుడూ అంటుంది. నేను మాట మారుస్తాను.

అవ్వని తప్పుపట్టలేను, ఆమెకెవరు చెప్పారని? మన సంగతే చెప్పండి. గూగుల్లో బేబీ కారు సీటుకి నలభై రివ్యూలు చదువుతాం. టీకాకి వెళ్ళినప్పుడు "ఒకసారి కళ్ళలో టార్చి వేసి చూడండి" అని ఎంతమందిమి అడిగాం? నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే ఇది మరీ ముఖ్యం. 34 వారాల లోపు పుట్టినా, బరువు 2 కిలోల లోపు ఉన్నా, ముప్ఫై రోజుల లోపల రెటీనా పరీక్ష జరిగి తీరాలి. మరీ ముందు పుడితే ఇంకా తొందరగా. అక్కడ వారాల ఆలస్యానికే చూపు మొత్తం పోవచ్చు. బిడ్డ పైకి చక్కగానే కనిపిస్తుంటుంది. ఫ్లాషుతో తీసిన ఫోటోలో ఒక కంటి పాప తెల్లగా మెరుస్తున్నా అంతే, కంటిలో గడ్డ కావచ్చు, ఆ వారమే వెళ్ళాలి. ఇప్పుడు రాయవేలూరో మద్రాసో పోనక్కర్లేదు, తిరుపతిలోనే 2019 నుంచి అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. బిడ్డ ఆడుకుంటుండగా ఒక్కో కన్ను చేత్తో మూయండి. ఒక కన్ను మూస్తే ఊరుకుని, రెండోది మూస్తే ఏడ్చి చెయ్యి తోసేస్తుంటే, ఊరుకున్నప్పుడు మూసిన కంటితో ఏదో తేడా ఉన్నట్టు. తేడా కనబడకపోయినంత మాత్రాన డాక్టరు పరీక్ష మానెయ్యకండి.

పిండివంటల గురించి తొందరపడి మాట్లాడానేమో. నవ్వితే నువ్వుండలు కూడా ఉన్నాయి కదా! ఆరు నుంచి ఎనిమిది వారాలకి బిడ్డ మన మొహం చూసి నవ్వుతుంది. గొంతు విని కాదు, చూసి. అంటే ఆ నవ్వే మొదటి కంటి పరీక్ష.

మొన్న ఆదివారం పాప మీదికి వంగి, కిక్కురుమనకుండా, నా తల అటూ ఇటూ తిప్పుతూ కూచున్నాను. అవ్వ చూసి, "ఏమిరా అబ్బోడా, మూగోడి మాదిరి ఆ తలాడించేదేంది? రెండు మాటలు మాట్లాడించరాదా బిడ్డని" అంది. ఆగవ్వా అని చేత్తో సైగ చేశాను. పాప కాసేపు నా నుదుటి దగ్గర వెతికింది, తర్వాత కళ్ళలోకి చూసింది, తర్వాత బోసినోరంతా తెరిచి నవ్వింది.

అవ్వ నువ్వులు వేయించడానికి లేచింది.